వెనకొచ్చిన కొమ్ములు ఎప్పుడూ వాడేనా?

మామూలు కారు కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు, రంగు చూసుకుంటారు, మంచి రోజు చూసి పూజ చేయించి ఇంటికి తెచ్చుకుంటారు. స్పోర్ట్స్ కారు మీద మనసుపడ్డవాడికి అంత సులువుగా తెమలదు. డబ్బు సమకూరినా, ఇంట్లో ఒప్పుకున్నా, ఇంకో బెంగ పట్టుకుంటుంది: "ఇప్పుడు కొన్నాక ఆరు నెలల్లో ఫేస్‌లిఫ్ట్ వచ్చి కూచుంటే?" ఈ ఒక్క ప్రశ్నతో రెండేళ్లు, మూడేళ్లు గడిపేసినవాళ్లు కనిపిస్తారు. రాత్రిపూట ఫోన్‌లో ముసుగేసిన టెస్ట్ కార్ల ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటారు. బంపర్ కింద కొత్తగా కనిపించిన రంధ్రం గాలి కోసమా, సెన్సార్ కోసమా అని వాదించుకుంటారు.

ఈ అధ్యాయం వాళ్ల కోసం. ఆగడం తప్పని చెప్పడానికి కాదు. ఆగాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. కాకపోతే దేనికోసం ఆగుతున్నామో తెలియకుండా ఆగేవాడికి ఏ మోడల్ వచ్చినా సరిపోదు.

2024 మే 28న ఏం జరిగిందో చూడండి. పోర్షే 911 కొత్త తరం 2018 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో బయటికొచ్చింది. అయిదున్నరేళ్ల తర్వాత, ఆ మే నెలలో, దాని మధ్యంతర మోడల్‌ను, అంటే ఫేస్‌లిఫ్ట్‌ను, కంపెనీ చూపించింది. జీటీఎస్ అనే రకానికి మొదటిసారి హైబ్రిడ్ ఇంజన్ వచ్చింది. 3.6 లీటర్లు, 532 హార్స్‌పవర్, నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద పాత జీటీఎస్ కన్నా 8.7 సెకన్లు తక్కువ సమయం. వేగం కోసం ఆగినవాళ్లు పండగ చేసుకున్నారు. అదే కారులో డ్యాష్‌బోర్డు నడిమధ్య దశాబ్దాలుగా ఉంటూ వచ్చిన ముల్లు మీటరు పోయి మొత్తం తెరే వచ్చింది. ఎడమచేత్తో తిప్పి స్టార్ట్ చేసే మీట బదులు బటన్ పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత జీటీఎస్‌లో కోరుకుంటే దొరికే మాన్యువల్ గేరు కొత్తదానిలో లేదు. క్లచ్ తొక్కి గేరు మార్చడమే సుఖం అనుకునేవాళ్లు ఆ రోజు తల పట్టుకున్నారు. రెండేళ్లు ఆగి, తమకు కావలసింది తీసేసిన కారు కోసం ఆగినట్టయింది వాళ్ల పని. పాతదాని ఆర్డర్లు అప్పటికే మూసేశారు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే కారు కంపెనీ కొమ్ములు పెంచేటప్పుడు చెవులు కత్తిరిస్తుంది. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

ఏది మారుతుంది, ఏది మారదు

స్పోర్ట్స్ కారు ఒక తరం సాధారణంగా ఏడేళ్లు నడుస్తుంది. నడిమధ్యన, మూడో ఏడో నాలుగో ఏడో దాటాక, మార్పులు చేస్తారు. 911 సంగతే తీసుకుంటే 2004లో వచ్చిన తరానికి 2008లో, 2011లో వచ్చినదానికి 2015లో ఈ మార్పు జరిగింది. మార్పుకు ముందుదాన్ని అభిమానులు పాయింట్ వన్ అంటారు, తర్వాతిదాన్ని పాయింట్ టూ అంటారు. బీఎండబ్ల్యూ వాళ్లు తమ మార్పులను ఎల్‌సీఐ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే: గోడలు కదపకుండా ఇంటికి సున్నం, వైరింగు మార్చినట్టు.

గోడలు ఎందుకు కదపరంటే, తలుపులు, పైకప్పు, వెనక పక్కల రేకులను ఒత్తే అచ్చులకు కోట్లు ఖర్చవుతాయి. వాటిని ముట్టుకుంటే ప్రమాద పరీక్షలు కూడా మళ్లీ మొదట్నుంచి చేయించాలి. ఆ ఖర్చు ఏడేళ్ల మీద రాబట్టుకుందామని లెక్కేసుకున్న కంపెనీ మధ్యలో దాన్ని తిరగదోడదు. బంపర్లు ప్లాస్టిక్‌వి, లైట్లు బోల్టులతో బిగించేవి, తెరలు మార్చడం ఇంకా తేలిక. అందుకే ఫేస్‌లిఫ్ట్‌లో ముందు మారేవి ఇవే. ముసుగేసిన టెస్ట్ కారును చూసి ఏది వస్తుందో చెప్పే కిటుకు కూడా ఇందులోనే ఉంది. నలుపు తెలుపు చారల స్టిక్కర్లు ముందు బంపర్‌కీ వెనక లైట్లకీ మాత్రమే అంటించి తలుపులు ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే వచ్చేది ఫేస్‌లిఫ్ట్. పైకప్పు నుంచి తలుపుల దాకా మొత్తం కప్పేస్తే వచ్చేది కొత్త తరం. స్వీడన్ ఉత్తరాన ఆర్యెప్లోగ్ మంచు మీద పరీక్షలు చేసే కార్ల ఫొటోలు ప్రతి చలికాలం వస్తాయి. ఈసారి చూసేటప్పుడు లైట్ల మీద కన్నేయకండి, తలుపు చూడండి.

ఇంజను మారడానికి కారణం వేరే. దాన్ని కంపెనీ సరదాకి మార్చదు. పొగ నిబంధనలు బిగిసినప్పుడో, పాత ఇంజన్‌లో లోపం బయటపడినప్పుడో, పోటీవాడు ముందుకు దూకినప్పుడో మారుస్తుంది. కాబట్టి ఏ చట్టం ఏ ఏడు అమల్లోకి వస్తుందో తెలుసుకున్నవాడికి పుకార్లతో పనిలేదు. సగం జవాబు చట్టంలోనే దొరుకుతుంది.

సీటు ఎత్తు, వెనక అద్దంలోంచి కనిపించేంత చూపు, డిక్కీ చోటు, తలుపు వెడల్పు, తలకు కప్పుకు మధ్య జాగా, ఇవి ఫేస్‌లిఫ్ట్‌లో మారవు. మీ ఫిర్యాదు వీటిలో ఒకటి అయితే ఆగి లాభం లేదు. మోడల్ మార్చుకోండి.

మీకేం తక్కువైంది?

ఇక్కడ ఒక పని చేయమని అడుగుతాను. ఇప్పుడు షోరూమ్‌లో ఉన్న కారును ఒకసారి నడిపి రండి. గంటసేపైనా నడపండి, పావుగంటలో ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేం తెలియదు. వచ్చాక కాగితం మీద మూడే మూడు వాక్యాలు రాయండి: ఈ కారులో నాకు తక్కువైనవి ఇవి. నాలుగోది రాయకండి. "పాతబడిపోతుందేమో" అని అస్సలు రాయకండి, అది కారులో ఉన్న లోపం కాదు.

చాలామందికి మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే జవాబు.

టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉండే మా మేనల్లుడొకడికి మాజ్డా ఎంఎక్స్-5 అంటే పిచ్చి. మన దేశంలో అమ్మని బండి అది. ఇద్దరే పట్టే చిన్న కారు, పైకప్పు చేత్తో మడిచేయొచ్చు. 2017లో నడిపి చూసి నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, వచ్చే ఏడు మారుతుందంటున్నారు. ఆగనా?"

"ఇప్పుడున్నదానిలో నీకు ఏం నచ్చలేదురా?"

కాసేపు మాట్లాడలేదు. పవర్ కొంచెం తక్కువన్నాడు. "తక్కువని నీకే అనిపించిందా, ఎవరైనా రాస్తే చదివావా?" అన్నాను. నవ్వాడు. చదివాడట. తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. "స్టీరింగు కిందికీ పైకీ కదులుతుంది గానీ నావైపు రాదు మామయ్యా. కాళ్లు చాపుకునేలా సీటు వెనక్కి జరిపితే చేతులు అందట్లేదు. చేతులు అందేలా జరిపితే మోకాలు తగులుతోంది." వాడు ఆరడుగుల మనిషి.

అదీ, కాగితం మీద రాయదగిన లోపం అంటే. పవర్ గురించి చదివింది కాదు, మోకాలికి తగిలింది. 2019 మోడల్ వచ్చినప్పుడు ఇంజను 155 నుంచి 181 హార్స్‌పవర్‌కి పెరిగింది, 6,800 దగ్గర ఆగిపోయేది 7,500 దాకా తిరగడం మొదలెట్టింది. పత్రికలన్నీ దాని గురించే రాశాయి. వార్తలో ఎక్కడో అడుగున ఇంకో మాట ఉంది: స్టీరింగు ఇప్పుడు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వాడు ఆ ఒక్క వాక్యం చదివి డీలర్‌కి ఫోన్ చేశాడు. ఇలాంటి మార్పు ఫేస్‌లిఫ్ట్‌లో రావడం అరుదే. వస్తుందని వాడికీ ముందు తెలియదు, నాకూ తెలియదు. వచ్చినప్పుడు అది తనకోసమేనని గుర్తుపట్టగలిగాడు, అంతే. లోపం మాటల్లో పెట్టుకోనివాడు ఆ వార్తలో 181 అనే అంకె చూసి ఉప్పొంగి, స్టీరింగు సంగతి చదవకుండానే దాటేసేవాడు.

ఆగి బాగుపడ్డవాళ్లు, ఆగి నష్టపోయినవాళ్లు

చరిత్ర కొంచెం తిరగేస్తే ఆగడం ఎప్పుడు కలిసొస్తుందో తెలుస్తుంది. అన్నిటికన్నా గట్టి ఉదాహరణ 2008ది. అంతకు ముందు పదేళ్లుగా మామూలు 911లోనూ, పోర్షేదే అయిన బాక్‌స్టర్‌లోనూ వాడిన ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్టు అని ఒకటి ఉండేది. దాని చివర ఉండే బేరింగ్ కొన్ని కార్లలో అరిగి పగిలేది. పగిలితే ముక్కలు లోపలికి పోయి ఇంజనే పోయేది. అన్ని కార్లకూ జరగలేదు, చాలావాటికి జరగలేదు. కానీ జరిగినవాడికి కొత్త ఇంజన్ ఖర్చు. 2005 తర్వాతి కార్లలో బేరింగ్ పెద్దది పెట్టారు, అది కాస్త నయం. అయితే అది బయటికి రావాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి. 2008 మధ్యంతర మార్పులో ఆ షాఫ్టే లేని కొత్త ఇంజన్ వచ్చింది, దాంతోపాటు రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు కూడా. ఈరోజు సెకండ్‌హ్యాండ్‌లో ఆ తరం 911 చూసేవాళ్లు మొదట అడిగేది "పాయింట్ వన్నా, పాయింట్ టూనా" అనే. ఇలాంటి మార్పు కోసం ఏడాది ఆగడం తెలివైన పని. తెలిసిన లోపం ఉంది, దానికి మందు వస్తోంది.

2015లో కథ తిరగబడింది. అప్పటిదాకా కరెరాలో, అంటే మామూలు 911లో, టర్బో లేని 3.4 లీటర్ల ఇంజన్ ఉండేది. 350 హార్స్‌పవర్, 390 న్యూటన్ మీటర్ల టార్క్. మార్పుతో రెండు టర్బోల 3 లీటర్ల ఇంజన్ వచ్చింది. పవర్ 370, టార్క్ 450. కాగితం మీద అన్నీ పెరిగాయి. పొగ నిబంధనలకూ సరిపోయింది. కానీ టర్బో లేని ఇంజన్ పైకి తిరిగేకొద్దీ వచ్చే ఆ అరుపు కోసమే 911 కొనేవాళ్లున్నారు. కరెరాలో వాళ్లకు ఆ అరుపు అక్కడితో తగ్గింది. ఇప్పుడు వాళ్లు పనిగట్టుకుని 2015కు ముందటివి వెతుక్కుంటున్నారు. నన్నడిగితే ఆ రెండిటిలో కొత్తదే మంచి కారు. రోజూ నడపడానికి, ఊళ్లో తక్కువ వేగంలో లాగడానికి దాని టార్క్ సుఖంగా ఉంటుంది. అయినా పాతది కొన్నవాడితో నేను వాదించను. వాడి కాగితం మీద చప్పుడు అని రాసి ఉంటుంది.

911లోనే జీటీ3 అనే రకం ఉంది, దాని కథ వేరు. 2013 మార్చిలో జెనీవాలో 2011 తరం జీటీ3ని చూపించినప్పుడు మాన్యువల్ లేదని తేలి ప్రపంచమంతా గోల చేసింది. మరుసటి ఏడాది ఇంజన్ లోపంతో కొన్ని కార్లు అంటుకోవడంతో 785 కార్ల యజమానులను నడపవద్దని కంపెనీయే చెప్పి, ఇంజన్లు మార్చి ఇచ్చింది. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అని 991 కార్లు మాత్రమే చేసి అమ్మింది. చేతికి రాగానే అవి అసలు ధరకు ఎన్నో రెట్లు పలికాయి. మాన్యువల్ ఇక రాదేమోనన్న భయానికి ధర కట్టినవాళ్లు వాళ్లు. 2017 మార్చిలో అదే జెనీవాలో మధ్యంతర జీటీ3 వచ్చింది, నాలుగు లీటర్ల ఇంజన్‌తో, కోరుకున్నవాళ్లకు మాన్యువల్‌తో. 911 ఆర్ ధరలు దిగొచ్చాయి. నాలుగేళ్లు కూచున్నవాళ్లు గెలిచారు.

తొందరపడి కొన్నవాళ్లకు బాగా తగిలిన దెబ్బ టొయోటా సుప్రాది. 2019లో అమెరికాలో 335 హార్స్‌పవర్‌తో అమ్మకానికి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో, తొలి కార్లు ఇళ్లకు చేరి ఏడాది నిండకముందే, 2021 మోడల్‌లో 382 ఉంటుందని ప్రకటించారు. 47 హార్స్‌పవర్! మొదటి ఏడాది కొన్నవాళ్లు గుర్రుమన్నారు. మాన్యువల్ కావాలని మొదటి రోజు నుంచి అడిగినవాళ్లకు 2022 ఏప్రిల్‌లో జవాబొచ్చింది. కొత్త తరం మొదటి ఏడాది కొనడం మీద నా అనుమానం ఇక్కడే మొదలైంది. ఫేస్‌లిఫ్ట్ దాకా అక్కర్లేదు, రెండో ఏడాది దాకా ఆగితే చాలా సంగతులు తేలిపోతాయి.

నిస్సాన్ జీటీ-ఆర్ విషయంలో ఆగడానికి అంతే లేదు. 2007 చివర జపాన్‌లో మొదలైన ఆ కారు 2025 ఆగస్టులో చివరిది తయారయ్యేదాకా దాదాపు ఏడాదికోసారి ఏదో ఒకటి మార్చుకుంటూ పోయింది. 480 మెట్రిక్ హార్స్‌పవర్ కాస్తా 570 అయింది. వచ్చే ఏడాదిది బాగుంటుందని ఆగితే పద్దెనిమిదేళ్లు ఆగొచ్చు.

ఇక ఎవరూ ఊహించనిది పోర్షే 718 బాక్‌స్టర్, కేమన్ల కథ. 2016లో ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు పెట్టినప్పుడు అభిమానులు ముఖం తిప్పుకున్నారు. 2020లో ఆరు సిలిండర్ల జీటీఎస్ తిరిగొచ్చింది, సంతోషించారు. దాని తర్వాత మంచి పెట్రోల్ ఫేస్‌లిఫ్ట్ ఒకటి వస్తుందని ఐరోపా యూనియన్‌లో కూచున్నవాళ్లకు 2024 జూలైలో దాదాపు అన్ని రకాల అమ్మకమూ ఆగిపోయింది. కార్లలో కంప్యూటర్ల సైబర్ భద్రతకు అక్కడ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పాత ఎలక్ట్రానిక్స్‌ను వాటికి తగ్గట్టు మార్చే ఖర్చు అమ్మకాలకు గిట్టదని కంపెనీ లెక్కేసింది. పుకార్లు బంపర్ గురించి నడుస్తుంటే కారు భవిష్యత్తు ఒక నిబంధనలో తేలిపోయింది.

తేదీ వేసుకోవడం

ఆగాలని నిర్ణయించుకుంటే దానికి గడువు పెట్టండి. క్యాలెండర్ మీద తేదీ వేసి ఇంట్లో ఒకరికి చెప్పండి, భార్యకో, భర్తకో, అన్నయ్యకో. "ఈ తారీకు దాకా చూస్తాను, అప్పటికి రాకపోతే ఉన్నది కొంటాను, లేదా ఈ సంగతే వదిలేస్తాను" అని. ఇలా చెప్పకపోతే ఏమవుతుందో ఆ ఇంటివాళ్లను అడగండి. "ఏమండీ, ఆ బొమ్మలు చూడ్డమేగానీ బండి ఎక్కేదెప్పుడు?" అనే మాట వినని స్పోర్ట్స్ కారు అభిమాని ఎవరు?

తేదీ ఊరికే వేసుకోకూడదు, దానికి ఆధారాలుంటాయి. మొదటిది డీలర్. కొత్తది ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పడు, చాలాసార్లు అతనికే తెలియదు. ప్రశ్న మార్చండి: "ఇప్పటి మోడల్‌కి ఆఖరి ఆర్డర్ ఏ నెల దాకా తీసుకుంటున్నారు?" దీనికి జవాబు అతని కంప్యూటర్లోనే ఉంటుంది. పాత మోడల్ ఆర్డర్లు మూసేసే నెల తెలిస్తే కొత్తది ఎంత దగ్గరలో ఉందో తెలిసినట్టే. రెండోది, అడ్వాన్సు కట్టేటప్పుడు రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి: మధ్యలో కొత్తది ప్రకటిస్తే మన వరుస దానికి మారుతుందా, మారకపోతే డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తారా. నోటిమాట మీద ఊరుకోవద్దు. మూడోది, పాత మోడల్‌లో ఆఖరి రకాలు, ప్రత్యేక రంగులు, ఎడిషన్లు వరసగా దిగుతున్నాయంటే కొత్తదానికి దారి తీస్తున్నట్టు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక చిన్న ఉపాయం. కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరులో పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది: 2024 అయితే ఆర్, 2025 అయితే ఎస్, 2026 అయితే టీ. డీలర్ దగ్గర నిలిపి ఉన్న కారును "కొత్తదే, ఇప్పుడే దిగింది" అని చూపించినప్పుడు ముందు అద్దం కింద మూలన ఆ పదో అక్షరం చూసుకోండి. మన దగ్గరైతే తయారైన నెల, సంవత్సరం ఆర్సీలోనే ఉంటాయి. డిసెంబర్‌లో కొనేవాళ్లు ఆ నెల అడిగి తెలుసుకుని బేరం ఆడాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇలాంటి కారు కొనేవాళ్లకు ఫేస్‌లిఫ్ట్ కన్నా పెద్ద లెక్క ఒకటుంది. ఈ కార్లు పూర్తిగా విదేశంలో తయారై వస్తాయి. దిగుమతి సుంకంతోనే అసలు ధర రెట్టింపు దాటుతుంది. దాని మీద జీఎస్టీ, దాని మీద రాష్ట్రం వేసే లైఫ్ ట్యాక్స్. 2024లో మధ్యంతర 911 కరెరా ఇక్కడ దాదాపు రెండు కోట్ల ఎక్స్‌-షోరూమ్ ధరతో వచ్చింది. 2025 సెప్టెంబర్ 22న పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 48 శాతం దాకా ఉన్నది ఒక్కసారిగా 40కి దిగింది. కొత్త బంపర్ కోసం ఆగినవాడు ఏం పొందుతాడో చెప్పలేం గానీ, ఆ తేదీ కోసం ఆగినవాడు లక్షలు మిగుల్చుకున్నాడు. కాబట్టి మన దేశంలో కూచుని ఆగేవాళ్లు స్పై ఫొటోల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు బడ్జెట్ రోజున, జీఎస్టీ మండలి సమావేశం రోజున పెట్టినా చాలు.

మూడో దారి కూడా ఉంది, అది చాలామందికి తోచదు. కొత్త ఫేస్‌లిఫ్ట్ వచ్చిన కొన్ని నెలలకు, దాన్ని కొనేవాళ్లు తమ పాతది అమ్మకానికి పెడతారు. తక్కువ తిరిగిన, ఒకరి చేతిలో నడిచిన, సర్వీసు కాగితాలున్న కార్లు అప్పుడు ఒక్కసారి బజార్లోకి వస్తాయి. మీ కాగితం మీద రాసిన మూడు లోపాల్లో ఒక్కటి కూడా కొత్తదానిలో తీరకపోతే, మీరు ఆగింది కొత్తదాని కోసం కాదు, ఆ పాతవి దిగేరోజు కోసం. జీటీ3, 911 ఆర్ లాంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటి ధరలు అభిమానం మీద నడుస్తాయి.

కొన్నాక

కొన్న పక్షం రోజులకే కొత్తది ప్రకటిస్తే ఏం చేయాలన్నది ఆఖరి సందేహం. ఇది జరుగుతుంది. ఆ రోజు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాట మాట్లాడతాయి: "అయ్యో, కాస్త ఆగి ఉండాల్సింది." వాళ్లతో వాదించకండి, కాగితం తీయండి. మూడు వాక్యాలున్నాయి కదా. కొత్తదానిలో వాటికి జవాబు లేకపోతే ఆ వార్త మీ కారు గురించి కాదు. ఒకటో రెండో తీరాయంటే, అప్పుడు మార్చుకుంటే ఎంత ఖర్చో కూచుని లెక్క వేయండి. అందులో మూడు పద్దులుంటాయి: మీ కారుకు ఇప్పుడు వచ్చే ధరకూ మీరు కట్టిన ధరకూ తేడా, కొత్తదానికి ఇన్సూరెన్స్, కొత్తదానికి లైఫ్ ట్యాక్స్. మూడోది చాలామంది మరిచిపోతారు. పాత బండికి మీరు కట్టిన పన్ను బండితోపాటే కొన్నవాడికి పోతుంది. కొత్తదానికి మళ్లీ మొదట్నుంచి కట్టాలి.